రోల్‌ప్లే కథకు ఊహ ఎక్కడ, పాఠకులెక్కడ: ఫాంటసీ సహరచనలో దిగేవారికి ఎంపిక సలహా

నలుగురు కలిసి ఒకే మాయాలోకంలో తలో పాత్రను పట్టుకుని, ఒకరు ఆపిన చోటు నుంచి మరొకరు అందుకుంటూ కథ నడిపే ఫాంటసీ రోల్‌ప్లే రచనలోకి కొత్తగా వచ్చేవారిని రెండు ప్రశ్నలు తికమక పెడతాయి. కథకు ఊహ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? రాసింది చదివేవారు ఎక్కడ దొరుకుతారు? చాలామంది ముందు గొప్ప ఊహ ఒకటి సిద్ధం చేసుకుని, ఆ తరువాత జనాన్ని వెతుక్కుంటారు. కానీ ఈ రచనలో మీ మొదటి పాఠకుడు మీ సహరచయితే. మీరు రాసిన ముక్క చదివి దానికి జవాబుగా తన ముక్క రాయవలసినవాడు అతడే. కాబట్టి ఊహ మంచిచెడ్డలు, దాన్ని చదివినవారికి తామూ ఏదో ఒకటి రాయాలని చెయ్యి దురద పుట్టిందా లేదా అన్నదాని మీదే తేలతాయి. కింద చెప్పిన ఎంపికలన్నిటినీ ఈ కొలతతోనే చూశాను.

తెలుగులో కలిసి రాయడం కొత్తేమీ కాదు. ఒక్కో భాగాన్ని ఒక్కో రచయిత రాసిన గొలుసు నవలలు మన పత్రికల్లో వచ్చాయి. అయితే గొలుసు నవలలో కథంతా ఒక చేతి నుంచి మరో చేతికి మారుతుంది. రోల్‌ప్లేలో అలా కాదు, ఎవరి పాత్ర వారిదే. పక్కవారి పాత్ర ఏమనుకున్నదో, ఏం చేసిందో మీరు రాయకూడదు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి బల్లచుట్టు ఆటల్లో పాతుకుపోయిన ఈ కట్టుబాటే రాతలోకీ వచ్చింది. ఊహను ఎంచుకోవడంలోనూ, చోటును ఎంచుకోవడంలోనూ ఈ ఒక్క తేడా చాలా నిర్ణయాలను మార్చేస్తుంది.

## ముందుగా చూసుకోవలసినవి

ఊహ విషయంలో నాలుగు సంగతులు చూడాలి. అవతలివారు మొదటి ముక్క రాయడానికి ముందు మీరు ఎంత వివరించాలి అన్నది మొదటిది. వివరణ పెరిగినకొద్దీ వచ్చేవారు తగ్గుతారు. ఇతరుల పాత్రలకు కథలో నిజమైన పని ఉన్నదా, లేక మీ కథానాయకుడి వెంట నడిచే బలగంగా మిగిలిపోతారా అన్నది రెండవది. ముగింపు అందరికీ ముందే తెలిసిపోయిందా అన్నది మూడవది. రేపు దీన్ని పుస్తకంగానో ధారావాహికగానో బయటపెట్టాలనుకుంటే హక్కుల చిక్కు ఏమైనా ఉన్నదా అన్నది నాలుగవది.

చోటు విషయంలో చూడవలసినవి వేరు. కథ ఎంత వేగంగా నడుస్తుంది, పాత భాగాలు వెతికితే దొరుకుతాయా, రాసేవారు కాక బయటివారు చదవగలరా, మీ ఫోను నంబరు, అసలు పేరు ఎంతమందికి తెలుస్తాయి, తెలుగు లిపిలో పొడుగ్గా రాయడానికి అక్కడ వీలున్నదా అన్నవి తేల్చుకోవాలి. ఇవన్నీ ఒకేచోట కుదిరే వేదిక లేదు. అందుకే రాయడానికి ఒక చోటు, చదివించడానికి మరో చోటు పెట్టుకోమని చాలామందికి చెప్పవలసి వస్తుంది.

## ఊహలు దొరికే తావులు

జానపద కథలు. తెలుగువారు కలిసి రాసేటప్పుడు ఇంతకంటె తక్కువ వివరణతో మొదలయ్యే సరుకు మరొకటి లేదు. ఏడు సముద్రాల అవతల చిలుకలో మాంత్రికుడి ప్రాణం ఉన్నదంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. బాలనాగమ్మ కథ బుర్రకథగా విన్నవారికీ, అమ్మమ్మ నోట విన్నవారికీ అది తెలిసిందే. పేదరాశి పెద్దమ్మ పూటకూళ్ళ ఇల్లు అనగానే నలుగురు అపరిచితులు ఒక రాత్రి ఒకే కప్పు కింద చేరడానికి కారణం దొరికిపోయినట్టే. కొత్తవారిని కథలోకి దింపడానికి అంతకంటె అనువైన గడప ఉండదు.

చిక్కల్లా ముగింపు దగ్గర వస్తుంది. రాకుమారుడు చిలుక మెడ విరిచేస్తాడని అందరికీ తెలుసు కాబట్టి, ఆ రాకుమారుణ్ణే పాత్రగా తీసుకుంటే మిగిలినవారికి చేయడానికి ఏమీ మిగలదు. అసలు కథను పక్కకు పెట్టి దాని అంచుల్లో వెతకండి. ఆ చిలుకకు రోజూ గింజలు వేసేది ఎవరు? ఆ పనికి కుదిరినప్పుడు ఆమెకు ఏం చెప్పారు? చిలుకకు జబ్బు చేస్తే మాంత్రికుడు ఎవరిని పిలుస్తాడు? ఇక్కడ పనిమనిషి, పక్షివైద్యుడు, నౌక నడిపే సరంగు, మాంత్రికుడి మీద నిఘాకు వచ్చిన వేగు అని నాలుగు పాత్రలు వాటంతట అవే పుడతాయి. వీరిలో ఎవరి గతీ మూలకథలో రాసిపెట్టి లేదు.

బేతాళ కథల కట్టడం కూడా రోల్‌ప్లేకు పనికొచ్చేదే. శవంలోని బేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేసి, జవాబు రాగానే మళ్ళీ చెట్టెక్కుతాడు. మీరు రాసే ప్రతి ముక్కా అవతలివారు తేల్చవలసిన ఒక సందిగ్ధంతో ముగిస్తే కథ ఆగదు. అయితే జానపదానికీ పురాణానికీ మధ్య గీత గమనించాలి. కొలిచే దేవతను పాత్రగా పెట్టి ఆడించడం కొందరికి నొప్పి కలిగిస్తుంది. గుంపులో ఆ సంగతి ముందే మాట్లాడుకోకపోతే, కథ మధ్యలో అది తగవుగా మారుతుంది.

నిజమైన చోట్లు. నా లెక్కలో దీన్ని అవసరమైనంతగా ఎవరూ వాడుకోవడం లేదు. ఫాంటసీ అనగానే మంచు కొండలు, ఓక్ చెట్ల అడవులు రాసేవారు, నంద్యాల జిల్లాలో మూడు కిలోమీటర్లకు పైగా భూమి అడుగున సాగే బెలుం గుహలను మరచిపోతారు. అక్కడ పాతాళగంగ అనే చోటు పేరుతో సహా సిద్ధంగా ఉన్నది. పెన్నా నది కోసిన గండికోట లోయ, అల్లూరి జిల్లా బొర్రా గుహలు కూడా ఇటువంటివే. చూసివచ్చినవారు గుంపులో ఒక్కరున్నా పటం గీసుకునే పని తప్పుతుంది. ఫొటో చూపిస్తే చాలు, అందరి మనసులోనూ ఒకే చోటు నిలుస్తుంది.

గోల్కొండ సంగతి తీసుకుందాం. ఫతే దర్వాజా కమాను కింద చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. ఈ ఒక్క వాస్తవం మీద రెండు ఆరంభాలు రాసి చూడండి.

మొదటిది: “సైన్యమంతా నేలకూలింది. సేనాని ఒక్క వేటుతో మాంత్రికుణ్ణి నరికి, చప్పట్లు చరిచి విజయం చాటి, కోటలోకి నడిచాడు.”

రెండవది: “ఫతే దర్వాజా దగ్గర ఎవరో మూడుసార్లు చప్పట్లు కొట్టారు. పైన కావలి ఉన్న సైదులు ఉలిక్కిపడ్డాడు. మూడు చప్పట్లంటే సుల్తాను కోటలోకి వస్తున్నట్టు గుర్తు. కానీ సుల్తాను తన వెనుక గదిలో నిద్రపోతున్నాడు.”

మొదటిది చదివినవారు బాగున్నదని చెప్పి వెళ్ళిపోతారు, ఎందుకంటే అందులో వారికి మిగిలిన పని లేదు. రెండవది చదివినవారు కింద నిలబడినది ఎవరో తామే తేల్చవచ్చు. లేదా నిద్రపోతున్నవాడే అసలు సుల్తాను కాదని తేల్చవచ్చు. రచనా పటిమ రెండింటిలోనూ దాదాపు ఒకటే.

నిజమైన చోటు తీసుకున్నప్పుడు చరిత్ర తేదీల మీద వాదనలు వస్తాయి. “గోల్కొండను పోలిన కల్పిత కోట” అని మొదటే ప్రకటిస్తే ఆ బాధ వదులుతుంది.

ఇతరుల కల్పనాలోకాలు. పేరున్న నవలలోనో, సినిమాలోనో, గేములోనో మీ సొంత పాత్రను పెట్టి రాయడం ఇది. సహరచయితలు అన్నిటికంటె త్వరగా దొరికేది ఇక్కడే, ఎందుకంటే అభిమానులు ముందే గుమిగూడి ఉంటారు. అయితే రెండు లోపాలున్నాయి. మూలంలో ఏది ఉన్నదో ఏది లేదో అన్న వాదనే కథను మింగేస్తుంది. ఆ లోకం గురించి ఎక్కువ తెలిసినవారి మాటే చెల్లుతుంది. రెండవది హక్కులు. మన దేశపు చట్టం ప్రకారం రచయిత బతికి ఉన్నంతకాలమూ, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్ళూ పుస్తకం మీద హక్కు ఉంటుంది. సరదాకు రాసుకోవడం వేరు, అనుమతి లేకుండా అమ్మకానికి పెట్టడం వేరు. ఎప్పటికైనా పుస్తకం వేయాలన్న ఆశ ఉన్నవారు ఈ దారిని సాధనకు మాత్రమే వాడుకోవాలి.

ఆటల నియమావళి. గెలుపోటములను పాచికలు తేల్చే పద్ధతి కొందరికి నప్పుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు ఆధారమైన నియమపత్రం 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ లైసెన్సు కింద విడుదల చేశారు కనుక, మూలాన్ని పేర్కొంటూ ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు. నా పాత్రే గెలవాలని పట్టుబట్టేవారు గుంపులో ఉంటే పాచిక మంచి తీర్పరి. వాక్యం మీద ప్రేమతో వచ్చినవారికి మాత్రం లెక్కలు చిరాకు తెప్పిస్తాయి.

పూర్తిగా సొంత లోకం. అందరూ కోరుకునేదీ, తక్కువమంది గట్టెక్కించేదీ ఇదే. రాజవంశాల పట్టికలు, మంత్రాల వర్గీకరణ, మూడు ఖండాల పటాలు తయారుచేసి ఇరవై పేజీల లోర్ (ఆ లోకపు పూర్వకథ, వివరాలు) పంపిస్తే ఎవరూ చదవరు. ఒక్క ఊరు, ఒక్క కొరత, ఒక్క వింత చాలు. మిగిలినది రాసేవారంతా కలిసి కట్టుకోవాలి. లోకమంతా తన చెప్పుచేతల్లోనే ఉండాలనుకునేవారికి నవలే తగిన రూపం, రోల్‌ప్లే కాదు.

## రాసే చోట్లు, చదివించే చోట్లు

| వేదిక | దేనికి మేలు | పాత భాగాలు దొరకడం | బయటి పాఠకులు | గోప్యత |
|---|---|---|---|---|
| వాట్సాప్ గ్రూపు | తెలిసినవారితో మొదలుపెట్టడానికి | కష్టం | ఉండరు | నంబరు సభ్యులకు కనిపిస్తుంది |
| టెలిగ్రాం | గ్రూపులో రాసి, ఛానెల్‌లో చదివించడానికి | పరవాలేదు | ఛానెల్ ద్వారా వస్తారు | నంబరు దాచుకోవచ్చు |
| డిస్కార్డ్ | ఎక్కువ పాత్రలు, ఎక్కువ దృశ్యాలు ఉన్న కథకు | బాగుంటుంది | సర్వర్‌లో (గుంపు కోసం తెరిచిన చోటులో) చేరితేనే | మారుపేరు చాలు |
| గూగుల్ డాక్స్ | ఇద్దరి మధ్య నిదానమైన రచనకు | చాలా బాగుంటుంది | లింకు ఇచ్చినవారికే | ఈమెయిలు బయటపడవచ్చు |
| ప్రతిలిపి | దిద్దిన కథను పాఠకులకు అందించడానికి | అధ్యాయాలుగా ఉంటుంది | తెలుగు పాఠకులు ఉన్నారు | కలంపేరు పెట్టుకోవచ్చు |

పట్టికలో ఇమడని సంగతులు కొన్ని ఉన్నాయి. వాట్సాప్‌లో గ్రూపు పెట్టడం నిమిషం పని. అందరి ఫోనులోనూ అది ఉన్నదే. కానీ కథ, “భోజనం చేశారా” అన్న పలకరింపు, శుభోదయం బొమ్మలు అన్నీ ఒకే ప్రవాహంలో కొట్టుకుపోతాయి. పది రోజుల తరువాత యక్షిణి ఇచ్చిన మాట ఏమిటో చూద్దామంటే వేలితో పైకి తోస్తూ కూర్చోవాలి. దీన్నే వాడక తప్పదనుకుంటే రెండు గ్రూపులు పెట్టండి, ఒకటి కథకు, ఒకటి కబుర్లకు. కథ గ్రూపులో పాత్రగా తప్ప ఎవరూ మాట్లాడరాదన్న నియమం మొదటి రోజే పెట్టాలి.

2015లో మొదలైన డిస్కార్డ్ ఈ రచనకు బాగా కుదిరింది. ఒక్కో దృశ్యానికి ఒక్కో ఛానెల్, పాత్రల వివరాలకు ఒకటి, బయటి మాటలకు ఒకటి పెట్టుకోవచ్చు. టప్పర్‌బాక్స్ వంటి బాట్ (తనంతట తాను పనిచేసే చిన్న ప్రోగ్రాం) ఉంటే మీ సందేశం మీ పాత్ర పేరుతో, బొమ్మతో కనిపిస్తుంది. అయితే తెలుగులో రాసేవారికి అక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. డబ్బు కట్టనివారికి ఒక సందేశంలో 2,000 అక్షరాలే అనుమతి. ఆ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. “స్త్రీ” మనకు ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు. అందువల్ల తెలుగులో సుమారు 200 మాటలు దాటేసరికి పరిమితి తగులుతుంది. టెలిగ్రాంలో ఆ పరిమితి 4,096 కాబట్టి దీర్ఘంగా రాసేవారికి ఊరట. లేదా ముందు డాక్స్‌లో రాసుకుని రెండు ముక్కలుగా అతికించాలి. ఇది చిన్న విషయంగా కనిపించినా, భావోద్వేగం పండుతున్న చోట వాక్యం తెగిపోతే రాసేవారికి ఎంత విసుగు పుడుతుందో అనుభవించినవారికి తెలుసు.

బయటి పాఠకుల విషయంలో ఒక భ్రమ తొలగించుకోవాలి. రోల్‌ప్లేను రాసినది రాసినట్టు చదవడానికి రాసినవారు తప్ప ఎవరూ ఇష్టపడరు. ఒకే సంఘటన ముగ్గురి కళ్ళతో మూడుసార్లు వస్తుంది, కాలం ముందుకూ వెనక్కూ పోతుంది, ఒకరు సెలవుకు వెళ్ళినప్పుడు వారి పాత్ర వారం రోజులు చెట్టు కింద నిద్రపోతుంది. 2014లో బెంగళూరులో మొదలై తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో నడుస్తున్న ప్రతిలిపిలో ధారావాహికలకు అలవాటుపడిన పాఠకులు ఉన్నారు. వారికి అందించాలంటే గుంపులో ఒకరు సంపాదకత్వం వహించి, మూడు చూపుల సంఘటనను ఒక్క చూపుకు కుదించి, అధ్యాయం చివర ఉత్కంఠ నిలిపి, మళ్ళీ రాయాలి. నా అంచనాలో, మొదట రాయడానికి పట్టినంత శ్రమా దీనికీ పడుతుంది. ఆ శ్రమకు సిద్ధపడనివారు బయటి పాఠకుల ఆశ వదులుకుని, సహరచయితలతోనే తృప్తి పడటం మేలు. అందులో తక్కువతనం ఏమీ లేదు. ప్రతి వాక్యాన్నీ ఆసక్తిగా చదివి జవాబిచ్చే ముగ్గురు పాఠకులు ఎంతమంది రచయితలకు దొరుకుతారు?

ఇంగ్లీషులో రాయగలవారికి రెడిట్‌లో సహరచయితలను వెతుక్కునే బృందాలు చాలా ఉన్నాయి. రాశిలో తెలుగు వేదికలు వాటికి సాటిరావు. కానీ పూటకూళ్ళ పెద్దమ్మ ఎవరో అక్కడ మొదటి నుంచీ చెప్పుకురావాలి.

## ఎవరికి ఏది

కాలేజీ విద్యార్థులకు సమయం ఎక్కువ, ఓపిక తక్కువ. వారికి వేగంగా నడిచే డిస్కార్డ్ సర్వర్, పది పన్నెండు పాత్రలు, పరిచితమైన కల్పనాలోకమో జానపదమో బాగుంటుంది. పరీక్షలు వచ్చినప్పుడు కథను ఆపే విధం మాత్రం ముందే అనుకోవాలి.

ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలే దొరికేవారు పెద్ద సర్వర్ జోలికి పోకూడదు. సోమవారం తెరిస్తే నలభై సందేశాలు దాటిపోయి, తమ పాత్ర ఎక్కడ నిలబడి ఉన్నదో కూడా తెలియని స్థితి వస్తుంది. ఇద్దరు ముగ్గురితో గూగుల్ డాక్స్, వారానికి ఒక్క దీర్ఘమైన ముక్క వీరికి సరిపోతుంది.

విదేశాల్లోని తెలుగువారికి కాలభేదమే ప్రధాన సమస్య. హైదరాబాదులో రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో వేసవిలో ఉదయం పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. అక్కడివారు ఆఫీసులో ఉంటారు. కనుక అందరూ ఒకేసారి కూర్చునే పద్ధతి కంటె, ఎవరి తీరికలో వారు రాసే పద్ధతి నయం. తెలుగు మాట్లాడగలిగినా లిపి చదవలేని పిల్లలు గుంపులో ఉంటే, వారు తమ వంతు ఆడియోగా పంపగా పెద్దవారొకరు లిపిలోకి ఎక్కించడం ఒక మార్గం. శ్రమ ఎక్కువే, కానీ సంభాషణలకు ఇంటి తెలుగు వాసన వస్తుంది.

నవలా రచయిత కావాలనుకునేవారికి నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. మీ ప్రధాన కథను రోల్‌ప్లేలోకి తేవద్దు. అందులో సగం వాక్యాలు ఇతరులవి అవుతాయి, వాటిని మీ పేరుతో వేసుకునే హక్కు మీకు ఉండదు. ఆ లోకపు అంచున ఒక ఊరును తీసుకుని, సంభాషణలు రాయడం అక్కడ నేర్చుకోండి.

పద్దెనిమిది నిండనివారు, వారి తల్లిదండ్రులు ముందు చూడవలసింది గోప్యత. డిస్కార్డ్‌లో చేరడానికి కనీస వయసు 13. కానీ చేరగలగడం వేరు, అక్కడి ప్రతి సర్వరూ పిల్లలకు తగినదై ఉండటం వేరు. పెద్దలూ పిల్లలూ కలిసిన గుంపులో శృంగార సన్నివేశాలకు చోటు ఉండకూడదు. కథ పేరుతో విడిగా ప్రైవేటు సందేశాల్లోకి రమ్మని ఒత్తిడి చేసేవారు ఎంత బాగా రాసేవారైనా సరే, అటువంటివారికి దూరంగా జరగాలి.

## పిలుపు రాసే తీరు

ఏ చోటు ఎంచుకున్నా, సహరచయితలను రప్పించేది మీరు పెట్టే పిలుపే. “ఫాంటసీ రోల్‌ప్లేకు ఎవరైనా ఉన్నారా?” అంటే “నేనున్నా” అని పదిమంది చెయ్యెత్తుతారు, ఒక్కరూ రాయరు. కింది విధంగా రాస్తే ఇద్దరే రావచ్చు, కానీ ఇద్దరూ రాస్తారు:

“కాకతీయుల కాలాన్ని పోలిన కల్పిత రాజ్యం. చెరువు తూముకు కావలి ఉండే యక్షిణి మూడు రోజులుగా కనిపించడం లేదు, పొలాలకు నీరు ఆగింది. ముగ్గురు కావాలి: అబద్ధం చెబుతున్న నీరటి (చెరువు నీళ్ళు పొలాలకు పంచేవాడు), రాజధాని నుంచి విచారణకు వచ్చిన ఉద్యోగి, యక్షిణిని చివరిసారి చూసిన పశువుల కాపరి. మీకు తోచిన మరో పాత్ర అయినా సరే. తెలుగు లిపిలో, వారానికి రెండు ముక్కలు, ఒక్కోటి వంద మాటలకు తగ్గకుండా. పద్దెనిమిది దాటినవారు మాత్రమే. పోరాటాలు ఉండవచ్చు, శృంగారం వద్దు.”

ఇందులో లోకం గురించి రెండు వాక్యాలే ఉన్నాయి. మిగిలినదంతా వచ్చేవారు ఏం చేయాలో, ఎంత చేయాలో, ఏది చేయకూడదో చెబుతుంది. నీరటి ఏం అబద్ధం చెబుతున్నాడో పిలుపు పెట్టినవారికి కూడా తెలియనక్కరలేదు. ఆ పాత్ర తీసుకున్నవారే తేలుస్తారు.

వచ్చినవారితో మొదటి ముక్కకు ముందే రెండు ఒప్పందాలు రాతపూర్వకంగా చేసుకోవాలి. ఎవరైనా చెప్పాపెట్టకుండా మానేస్తే ఎన్ని రోజులు ఆగాలి, ఆ పాత్రను ఏం చేయాలి అన్నది మొదటిది. పాత్రను చంపకుండా దూరప్రయాణానికి పంపడం మర్యాద, తిరిగి వస్తే తలుపు తెరిచే ఉంటుంది. కథను ప్రతిలిపిలోనో మరోచోటనో ప్రచురించాలంటే ఎవరి ఖాతాలో, ఎవరెవరి పేర్లతో వేయాలి, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, ఒప్పుకోనివారి భాగాలను ఎవరు తిరగరాయాలి అన్నది రెండవది. కథ బాగా నడుస్తున్నప్పుడు ఈ మాట ఎత్తడానికి అందరికీ మొహమాటం, కథ చెడిన తరువాత ఎత్తితే తగవు. అందుకే పిలుపు కిందనే, మొదటి పాత్ర ఇంకా చెరువుగట్టు ఎక్కకముందే, వీటిని రాసి అందరిచేతా ఔననిపించుకోవాలి.